నిషాన్, నిషానీ

తెలుగులో 'గుర్తు' అనే మాట చాలా బరువు మోస్తుంది. ఓటు వేసేటప్పుడు వెతుక్కునే బొమ్మ గుర్తే. పోయిన మనిషి తలపుకు రావడమూ గుర్తే. పశువు మీద వేసే ముద్ర గుర్తే, పెళ్ళిలో పెట్టిన ఉంగరమూ గుర్తే. గుర్తింపు అనే మాట అందులోంచే పుట్టింది. జేబులో పెట్టుకు తిరగాల్సిన గుర్తింపు కార్డూ అందులోంచే వచ్చింది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు మాట్లాడుతూ పెరిగిన మాలాంటి వాళ్ళం ఈ మాట దగ్గర కాస్త ఆగుతాం. ఎందుకంటే ఉర్దూ ఈ బరువును రెండు మాటలకు పంచింది. ఒకటి నిషాన్, రెండోది నిషానీ. నిషాన్ అంటే ముద్ర, మచ్చ, జెండా. పార్టీల ఎన్నికల గుర్తును ఇంతెఖాబీ నిషాన్ అంటారు. నిషానీకీ ఆనవాలు అనే అర్థం ఉంది గాని, మా ఇళ్ళల్లో ఆ మాట వినపడిందంటే దూరమైనవాళ్ళు వదిలిపోయిన వస్తువు గురించే. దాదా చేతికర్ర, నానీ పాన్‌దాన్, గల్ఫ్‌లో పోయిన కొడుకు అంతకు ముందెప్పుడో పంపిన గడియారం. నిషాన్‌ని నలుగురికీ కనపడేట్టు ఎత్తి పట్టుకుంటాం. నిషానీని పెట్టె అడుగున దాచుకుంటాం.

రెండింటి మధ్య తేడా ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం గురించే ఈ వ్యాసం.

మా ప్రశ్న ఇది. ఒక మనిషి పోతూ ఒక వస్తువు మిగిల్చింది. మనకది ఆ మనిషి. లోకానికది ఒక మతం జెండా. దాన్ని ఇంట్లో దాచుకున్నవాళ్ళు దేన్ని దాచుకున్నట్టు? దాని వెనుక ఉన్న ఆచారాలన్నింటికీ, ఆజ్ఞలన్నింటికీ వాళ్ళు వంతపాడినట్టేనా? పోనీ, ఆచారం నచ్చలేదని ఆ వస్తువును పారేస్తే, దానితోపాటు మనిషిని కూడా పారేసినట్టు కాదా?

ఇది తీరిక వేళ వేసుకున్న ప్రశ్న కాదు. మూడేళ్ళ కింద మా అమ్మీ పోయింది. చాలీస్వా ఫాతెహా అయిన సాయంత్రం ఆమె బట్టలు ముందేసుకుని కూర్చున్నాం. చీరలు ఎవరికివ్వాలో తేలిపోయింది. జానమాజ్, తస్బీ ఎవరి దగ్గరుండాలో అదీ తేలిపోయింది. తేలనిది బుర్ఖా. పైన ముసుగు, కింద కోటు, రెండు ముక్కల పాతకాలపు నల్ల బుర్ఖా. ఉతికి ఉతికి నలుపు విరిగిపోయి, ఎండలో చూస్తే గోధుమరంగు కొట్టేది.

మామూ దాన్ని మడతపెట్టి మా చెల్లెలి ఒళ్ళో పెట్టారు. "బేటీ, ఇది మా ఆపా నిషానీ. ఇక నువ్వు తొడుక్కో. ఆమె రూహ్ సంతోషిస్తుంది" అన్నారు. చెల్లెలు సర్కారు బడిలో టీచరు. ఉద్యోగంలో చేరకముందు గాని, చేరిన తర్వాత గాని బుర్ఖా వేసుకున్నది లేదు. జమాత్‌తో తిరిగే మా భాయిజాన్‌కు మామూ మాట నచ్చలేదు. "పోయినవాళ్ళ గుడ్డలు దాచుకుని కళ్ళకద్దుకోవడం మన దీన్‌లో లేదు. అవసరంలో ఉన్న ఆడమనిషికి ఇచ్చేద్దాం. అమ్మీకి సవాబ్ దక్కుతుంది" అన్నాడు. పరామర్శకు వచ్చిన ఒక కవి మిత్రుడు బయటికి వెళ్ళాక మెల్లగా అన్నాడు: "ఆమెను జన్మంతా చీకట్లో ఉంచిన గుడ్డ అది. చదువుకున్నవాళ్ళు, మీరు కూడా దాన్ని దాచుకుంటారా?"

చెల్లెలు మాత్రం ఒక్కటే అంది. "నాకివ్వండి మామూ. తొడుక్కోను. ఉంచుకుంటా."

ఆ జవాబు ఎవరికీ సరిపోలేదు. మామూకు అది సగం విధేయత. భాయిజాన్‌కు అది మూఢభక్తి. మిత్రుడికి అది రాజీ. మాకు మాత్రం అందులో ఒక నిండు ఆలోచన కనిపించింది. దాన్ని విడమరిచి చెప్పడమే మేం చేయగలిగింది.

ముందు ఆ బుర్ఖా గురించి చెప్పాలి. దాని లోపలివైపు ఎడమపక్క ఒక జేబు ఉంది. అబ్బా పాత చారల చొక్కా చింపి, ఆ ముక్కతో అమ్మీయే కుట్టుకుంది. అబ్బా గుమాస్తాగా చేసిన బియ్యం మిల్లు మూతపడ్డాక మా ఇంటిని నడిపింది అమ్మీ కుట్టుమిషనే. జాకెట్లు, లంగాలు కుట్టి బజార్లో ఒక బట్టల దుకాణానికి వేసేది. షరీఫ్ ఖాందాన్ కోడలు దుకాణానికి సరుకు మోస్తోందని తెలిస్తే అబ్బా నలుగురిలో తలెత్తుకోలేడని, మూటను బుర్ఖా కింద పెట్టుకుని వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పుడు డబ్బు ఆ జేబులో ఉండేది. మా పరీక్ష ఫీజులు, నానీ మందులు, రంజాన్ సేమియా అన్నీ అందులోంచే వచ్చాయి. కింద కట్టుకున్న చీరకు ఎన్ని అతుకులున్నాయో ఊరికి తెలిసేది కాదు. ఆమె పరదా ఆమెను మగవాళ్ళ చూపు నుంచి ఎంత దాచిందో మాకు తెలియదు. మా లేమిని మాత్రం బాగా దాచింది.

అలాగని ఆమె బుర్ఖాను మోజుపడి తొడుక్కుందని చెబితే అదీ అబద్ధమే. ఏప్రిల్ ఎండల్లో లోపల ఉడికిపోతున్నానని విసుక్కునేది. నానీ ఊరికి పోయే బస్సు మా టౌను పొలిమేర దాటగానే ముసుగు పైకెత్తి కిటికీకి ముఖం ఆనించేది. ఆ నిమిషం కోసం పిల్లలం కాచుకుని చూసేవాళ్ళం. చెల్లెలికి పద్నాలుగేళ్ళు వచ్చినప్పుడు చుట్టాలు బుర్ఖా మాట ఎత్తితే, "నక్కో. ముందు చదువు కానీ" అని తేల్చేసిందీ ఆమే. అంటే జన్మంతా తొడుక్కున్న మనిషికే ఆ బుర్ఖా మీద రెండు మనసులున్నాయి. అలాంటిది ఆమె పోయాక మేం ఒకే మనసుతో ఉండాలని అందరూ అడుగుతున్నారు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు పట్నం వచ్చిన అమ్మీని ఒక ఆఫీసు గేటు దగ్గర వరసలోంచి పక్కకు నిలబెట్టారు. ముందున్నవాళ్ళ సంచులూ వెనకున్నవాళ్ళ సంచులూ వదిలేసి ఆమె సంచి ఒక్కటే తెరిచారు. అందులో ఉన్నవి టిఫిన్ డబ్బా, మందుల చీటీ. ఇంటికొచ్చి బుర్ఖా అంచు వేళ్ళతో పట్టుకుని చూపించి, "వాళ్ళు చూసింది దీన్ని. నన్ను కాదు" అంది. కోపంగా కూడా అనలేదు. ఎప్పటినుంచో తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

నిషాన్ అంటే అదే. మనిషికి ముందు నిలబడి, మనిషిని కనపడనివ్వనిది. గేటు దగ్గరివాళ్ళకు అది అనుమానానికి నిషాన్. మామూకు ఖాందాన్ ఇజ్జత్‌కు నిషాన్. మా కవి మిత్రుడికి సంకెలకు నిషాన్. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఈ ముగ్గురూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఎవరూ దాని లోపలి జేబు చూడలేదు.

భాయిజాన్ అభ్యంతరం వేరు. అది గంభీరమైనది, దానికి దీన్ నుంచే జవాబు వెతకాలి. వస్తువులో శక్తి లేదన్నమాట నిజమే. ఖలీఫా ఉమర్ కాబాలోని నల్లరాయి ముందు నిలబడి చెప్పిన మాట ప్రతి ముస్లిమూ విన్నదే. నువ్వు రాయివని నాకు తెలుసు, మేలూ చేయలేవు, కీడూ చేయలేవు అన్నారాయన. అయినా ముద్దుపెట్టుకున్నారు. కారణం కూడా ఆయనే చెప్పారు. ప్రవక్త ముద్దుపెట్టుకోవడం తాను చూశారు గనక. రాయిలో ఏమీ లేదని ఒప్పుకుంటూనే, ఒక మనిషి చేసిన పనిని తలుచుకుని దాన్ని తాకడం! వస్తువుకు సాగిలపడడానికీ, ఆ వస్తువు దగ్గర ఒకరిని తలుచుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి మమ్మల్ని మరీ కదిలిస్తుంది. క్రీస్తుశకం 624లో బదర్ యుద్ధం అయింది. మక్కా సైన్యంలో పట్టుబడ్డవాళ్ళలో ప్రవక్త పెద్ద కూతురు జైనబ్ భర్త అబుల్ ఆస్ ఉన్నాడు. అప్పటికి అతను ఇస్లాంలోకి రాలేదు. ఖైదీల విడుదలకు డబ్బు కట్టాలి. మక్కాలో ఉన్న జైనబ్ భర్త కోసం సొమ్ము పంపుతూ అందులో ఒక హారం పెట్టింది. ఆమె పెళ్ళిలో తల్లి ఖదీజా పెట్టిన హారం అది. ఖదీజా పోయి అప్పటికి అయిదేళ్ళు కావస్తోంది. హారం చూడగానే ప్రవక్త మనసు కరిగిపోయిందని హదీసు చెబుతుంది. ఒక నగ చూసి చనిపోయిన భార్య కోసం కరిగిపోవడం దీన్‌కు విరుద్ధమైతే, ఆ సంగతిని ఇంత ప్రేమగా ఎవరూ భద్రపరిచి ఉండేవారు కాదు.

అయితే మేం చెప్పదలచింది అక్కడితో ఆగదు. ఆ తర్వాత ఆయన ఏం చేశారో చూడండి. ఆ సొమ్ము ఆయన ఒక్కడిది కాదు, అందరిదీ. అందుకని ఆజ్ఞ ఇవ్వలేదు. మీకు సమ్మతమైతే ఆమె ఖైదీని విడిచిపెట్టి, ఆమె వస్తువు ఆమెకు తిప్పి పంపుదామా అని సహచరులను అడిగారు. వాళ్ళు సరేనన్నారు. హారం మళ్ళీ కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది. తన దుఃఖాన్ని అధికారంగా మార్చుకోలేదు. హారాన్ని తన దగ్గర ఉంచుకోనూ లేదు. మా దృష్టిలో నిషానీ ధర్మమంతా ఈ సంఘటనలో ఉంది. నిషానీ అడగగలదు, ఆజ్ఞాపించలేదు. ఆపా మీద ప్రేమతో మామూ చేసిన పొరపాటు అక్కడే. తన చెల్లని దుఃఖాన్ని మేనకోడలి భుజాల మీద తొడగబోయారు.

ఇప్పుడు మిత్రుడి మాటకు వద్దాం. లౌకికవాదులైన తెలుగు పాఠకులను ఒక విషయం అడగాలనుంది. పాత ఇళ్ళల్లో గోడ మీద ఒక ఫొటో ఉండేది. తెల్లచీర, బోసి నుదురు, గొరిగించిన తల మీదుగా కప్పుకున్న కొంగు. ఆ ఇంటి తాతమ్మ. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించింది ఆ తెల్లచీరకు వ్యతిరేకంగానే. ఆ ఇంటి మనవలు వీరేశలింగాన్ని గౌరవిస్తారు, తాతమ్మ ఫొటోకు దండ వేస్తారు. ఈ రెండు పనులూ ఒకే చేత్తో చేస్తున్నందుకు వాళ్ళను రాజీపడ్డారని ఎవరూ అనలేదు. ఆ ఫొటో దాచుకోవడం అంటే కూతురికి తెల్లచీర కట్టిస్తామనడం కాదని అందరికీ తెలుసు. తాతమ్మ చేతి ఆవకాయ రుచీ, ఆమెకు జరిగిన అన్యాయమూ ఒకే ఫొటోలో ఇముడుతాయని కూడా తెలుసు. మరి ఆ తెలివి మా ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది? మీ అమ్మ చీరలతో బొంత కుట్టించుకుంటే అది జ్ఞాపకం. మా అమ్మీ బుర్ఖా మా పెట్టెలో ఉంటే అది ఛాందసం! జ్ఞాపకాలు పెట్టుకునే హక్కు కూడా మెజారిటీకేనా?

ఇందులో మాకు మేం చెప్పుకోవాల్సిన మాట కూడా ఒకటుంది. తాతమ్మ ఫొటోను ప్రేమించేవాళ్ళు ఆమె దుఃఖాన్ని తుడిచేసి ప్రేమిస్తే అది ప్రేమ కాదు. అలాగే అమ్మీ బుర్ఖాను దాచుకుని, దానిలోపల ఆమె పడ్డ ఉక్కను మరిచిపోతే మేం దాచుకున్నది ఆమెను కాదు. ఆమె విసుగు కూడా ఆమె ఆస్తే. అదీ మాకు వారసత్వంగా రావాలి.

వస్తువుకు తనంత తానుగా అర్థం ఉండదనడానికి యూసుఫ్ సూరా ఒక్కటి చాలు. అందులో చొక్కా మూడుసార్లు వస్తుంది. అన్నలు దొంగ నెత్తురు పూసి తండ్రికి చూపించినప్పుడు అది అబద్ధం. వెనకవైపు చిరిగినప్పుడు అది యూసుఫ్ నిర్దోషి అనడానికి సాక్ష్యం. చివరికి బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోయిన యాఖూబ్ ముఖం మీద వేసినప్పుడు అది కంటిచూపు. గుడ్డ ఎక్కడైనా గుడ్డే. ఎవరి చేతిలో ఉంది, ఎందుకు పట్టుకున్నారు అన్నదాన్ని బట్టి అది మాట్లాడుతుంది.

ఇది మన హైదరాబాదుకు తెలియని విద్య కాదు. అలం అంటే అసలు యుద్ధంలో మోసే జెండా. క్రీ.శ. 680లో కర్బలాలో హుసేన్ జెండా మోసినవాడు ఆయన తమ్ముడు అబ్బాస్. ఆ తర్వాత యుద్ధం లేదు, సైన్యం లేదు. జెండా మాత్రం పోయినవాళ్ళకు నిషానీ అయింది. డబీర్‌పురాలో బీబీ కా అలావాలో ఉన్న అలం లోపల, ఫాతిమా బీబీ జనాజాకు గుస్ల్ చేయించిన చెక్క ముక్క ఉందని భక్తుల నమ్మకం. అది మొహర్రం పదో రోజున ఏనుగు మీద వెళుతుంటే పాతబస్తీ అంతా ఏడుస్తుంది. ఊళ్ళల్లో పీర్లు లేచినప్పుడు దట్టీలు కట్టేవాళ్ళలో, ఊదు వేసేవాళ్ళలో, అలావా చుట్టూ ఆడేవాళ్ళలో ముస్లింలు కానివాళ్ళెందరో ఉంటారు. వాళ్ళకు కర్బలా ఎక్కడుందో తెలియకపోవచ్చు. నీళ్ళు దొరక్క పోయినవాళ్ళని మాత్రం తెలుసు, అందుకే పీర్ల ముందు షర్బత్ పోస్తారు. భాయిజాన్ ఈ ఆచారాలు ఒప్పుకోడు. ఆ తగవు మాకు ఇక్కడ అవసరం లేదు. మేం చూస్తున్నది ఒక్కటే. దుఃఖం జెండాను కూడా నిషానీగా మార్చగలదు. కసి నిషానీని కూడా జెండాగా మార్చేస్తుంది.

ఆ రెండో పని ఎంత సులువుగా జరుగుతుందో 2022లో చూశాం. కర్ణాటకలో తలమీద గుడ్డ ఉంటే ఆడపిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపారు. ఎదురుగా కాషాయ కండువాలు లేచాయి. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇరాన్‌లో మహసా అమీనీ అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి, తలగుడ్డ సరిగా లేదని పట్టుకుపోయిన పోలీసుల చేతుల్లో ఉండగా కుప్పకూలి, ఆస్పత్రిలో చనిపోయింది. ఒకచోట తీయమన్నారు, ఒకచోట కప్పుకోమన్నారు. రెండుచోట్లా ఆడపిల్లను జెండా కర్రగా చూశారు. ఆ గుడ్డ వాళ్ళమ్మ మడతపెట్టి ఇచ్చిందా, వాళ్ళకు వాళ్ళు కొనుక్కున్నారా, ఇష్టమా, భయమా అని అడిగే తీరిక ఏ ప్రభుత్వానికీ లేదు.

మాలాంటి వాళ్ళ కష్టం ఇక్కడే ఉంది. బయట దాడి జరుగుతున్నప్పుడు లోపల ప్రశ్న వేస్తే ద్రోహమంటారు. లోపల ప్రశ్న వేయకపోతే బయటివాళ్ళు చూశారా అంటారు. ఈ రెండింటి మధ్య మా సొంత జ్ఞాపకాలకు చోటు లేకుండా పోతోంది. అమ్మను తలుచుకోవాలన్నా ముందు మా వైఖరి ప్రకటించాలి! ఏ జాతికైనా ఇంతకంటే దరిద్రం ఏముంటుంది?

అందుకే చెల్లెలి జవాబు మాకు విలువైనదిగా తోచింది. తొడుక్కోను అన్నప్పుడు ఆమె తన బతుకు తనదన్నది. ఉంచుకుంటా అన్నప్పుడు అమ్మీ బతుకును ఎవరి తీర్పుకూ వదలనన్నది. రెండు మాటలకూ పొత్తు కుదరదని అనుకునేవాళ్ళు ప్రేమ అంటే ఒప్పుకోలు అనుకుంటున్నారు. మనకు నచ్చిన బతుకు బతికినవాళ్ళనే ప్రేమించాలంటే మన తల్లిదండ్రుల్లో ఎంతమంది మిగులుతారు?

మరి నిషానీ నిజమైనదో కాదో తేల్చుకోవడం ఎలా? మాకు తోచిన గీటురాయి ఒకటే. అది మనల్ని ఏం చేయమంటోందో చూసుకోవాలి. ఇంకొకరి మీదకు ఉసిగొల్పుతుంటే, ఇంకొకరి ఒంటి మీద తొడగమంటుంటే, అది మన చేతిలోనే నిషాన్‌గా మారిపోయిందన్నమాట. పోయినవాళ్ళు చేస్తూ చేస్తూ మధ్యలో వదిలేసిన పనిని మన చేతికి అందిస్తుంటే అది నిషానీ. చెల్లెలు నెలనెలా జీతం రాగానే కొంత డబ్బు ఆ చారల జేబులో పెడుతుంది. పదో తరగతితో చదువు మానిపిస్తామనే ఇళ్ళ ఆడపిల్లలకు కాలేజీ ఫీజు అందులోంచి వెళుతుంది. ఆ పిల్లల్లో బుర్ఖా వేసుకునేవాళ్ళున్నారు, వేసుకోనివాళ్ళున్నారు, ఆ ప్రసక్తే లేని హిందువుల పిల్లలూ ఉన్నారు. ఆమె ఎవరినీ అడగదు. భాయిజాన్ మొదట్లో ముఖం ముడుచుకున్నాడు. ఇప్పుడు రంజాన్‌లో జకాత్ లెక్క కట్టాక తన వంతు తెచ్చి ఆమె చేతిలో పెడుతున్నాడు. గుడ్డ సంగతి మాత్రం ఎత్తడు.

ముస్లిం సోదరులకు మా విన్నపం ఒకటే. పోయినవాళ్ళ పేరు చెప్పి ఉన్నవాళ్ళను కట్టెయ్యకండి. మన తల్లులు మనకు వదిలినవాటిలో ఆజ్ఞల కంటే అప్పులే ఎక్కువ. ముందు అవి తీర్చుదాం. లౌకిక మిత్రులకు కూడా ఒక విన్నపం. మా మీద రాసేముందు, మా పక్షాన రాసేముందు కూడా, మా ఇంటి వస్తువులను కొంచెం దగ్గరికి వచ్చి చూడండి. దూరం నుంచి అన్నీ జెండాల్లాగే కనిపిస్తాయి. లోపల ఎవరో కుట్టుకున్న జేబు ఉంటుంది. అందులో ఏముందో మేమే చెప్పాలి. వినే ఓపిక మీకుంటే చెబుతాం.